గోడకు పట్టిన బూజు, మన మీద పడే నింద



బూజు అంటే మనకు మూలన వేలాడే సాలెగూడు కూడా గుర్తొస్తుంది. అది చీపురుతో దులిపితే పోతుంది. నేను మాట్లాడేది చెమ్మెక్కిన గోడ మీద నల్లగా పాకే బూజు గురించి. దాని మీద రంగు వేసినా కొన్నాళ్లకు మళ్లీ పైకొస్తుంది.

ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో, సూడాన్ నుంచి వచ్చిన ఫైసల్ అబ్దుల్లా ఒక హౌసింగ్ సంస్థ ఫ్లాట్‌లో అద్దెకుండేవారు. 2017లోనే బూజు గురించి ఫిర్యాదు చేశారు. పెయింట్ వేసుకోమన్నారు. 2020 డిసెంబర్‌లో ఆయన కొడుకు అవాబ్ ఇషాక్ చనిపోయాడు. రెండేళ్ల పిల్లవాడు. ఇంట్లోని బూజును చాలాకాలం పీల్చడం వల్ల వచ్చిన శ్వాస సమస్యే కారణమని 2022 నవంబర్‌లో కరోనర్ తేల్చారు. అంతకాలం సంస్థ ఏమనుకుంది? ఆ కుటుంబం స్నానం చేసే పద్ధతి వల్లే తేమ పెరుగుతోందని. అసలు ఆ ఇంట్లో తేమగాలి బయటికి పోయే ఏర్పాటే సరిగా లేదు. తమ అంచనా తప్పని ఆ సంస్థ తర్వాత ఒప్పుకుంది, పిల్లవాడు పోయాక.

‘మీ అలవాట్లే అంత’ అనే మాట మనకు కొత్తా? బరోడాలో ఉద్యోగానికి వెళ్లిన బాబాసాహెబ్‌ను పదకొండో రోజున పార్సీ సత్రం నుంచి కర్రలు పట్టుకొచ్చి ఖాళీ చేయించారు. ఇప్పుడు ‘మీరేమిట్లు?’, ‘నాన్‌వెజ్ వండుతారా?’ అని అడుగుతారు. అన్ని గుమ్మాలూ తిరిగి సంపాదించిన గది కాబట్టి, గోడ నల్లబడినా నోరు మూసుకుంటాం. ఓనర్‌కు కావాల్సిందీ అదే.

అందుకే ముందు కారణం పట్టుకోండి. వాన పడినప్పుడే మచ్చ పెరుగుతోందా? స్లాబు, బయటి గోడ చూడాలి. వాన లేకున్నా ఒకేచోట తడిగా ఉందా? పైపు కారుతుండొచ్చు. ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి. తేదీతో ఫొటోలు తీసి వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి. మరమ్మతు చేయించని ఓనర్‌కిచ్చే అద్దెలోంచి, నెలకు సగానికి మించకుండా, ఆ ఖర్చు మినహాయించుకోవచ్చని కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం చెబుతోంది. అయితే అది నమూనాయే. మీ రాష్ట్రం దాన్ని చట్టంగా చేసుకుందో లేదో చూడకుండా అద్దె కోయకండి, ఖాళీ చేయించడానికి ఓనర్‌కు సాకు దొరుకుతుంది.

ఇంగ్లండ్‌లో 2025 అక్టోబర్ 27 నుంచి అవాబ్ పేరిట చట్టం అమల్లోకి వచ్చింది. ప్రమాదకరమైన బూజు ఉండొచ్చని తెలిస్తే 10 పనిదినాల్లో పరిశీలించాలి, ప్రమాదం ఉందని తేలితే 5 పనిదినాల్లో ఇంటిని సురక్షితం చేయాలి. మొదటగా ఇది కౌన్సిళ్ల, హౌసింగ్ సంస్థల ఇళ్లకే వర్తించింది. అక్కడ ప్రైవేటు గదుల్లో ఉంటున్న మన విద్యార్థులు స్థానిక కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసి తనిఖీ అడగొచ్చు.

ఇక్కడైనా అక్కడైనా ఒంటరిగా అడగకండి. ఒకే బిల్డింగ్‌లో నాలుగు గదులుంటే నాలుగు గదులవాళ్లూ ఒకే కాగితం మీద సంతకం పెట్టండి. ఒక్కరినైతే రేపే ఖాళీ చేయమంటాడు. నాలుగు గదుల అద్దె ఒకేసారి ఆగిపోతుందంటే మేస్త్రీని పిలుస్తాడు.