రెనిన్‌కు కళ్లెం

మూత్రపిండాలు చేసే పని ఏమిటని అడిగితే, మూత్రాన్ని తయారుచేయడమని చిన్నపిల్లలు సైతం చెపుతారు. రక్తపుపోటు దేనికి సంబంధించినదని అడిగితే, గుండెకు సంబంధించినదని పెద్దలు చెపుతారు. రెండు సమాధానాలూ తప్పు కావు. కాని రెండూ సగం సమాధానాలే. శరీరంలో రక్తం ఎంత ఒత్తిడితో ప్రవహించాలో నిర్ణయించే అధికారంలో పెద్దపాలు మూత్రపిండాలది. ఆ అధికారాన్ని అవి చెలాయించే సాధనాలలో ముఖ్యమైన దాని పేరు రెనిన్. దానిని మందుతో అరికడితే రక్తపుపోటు ఏమవుతుంది? మూత్రపిండాలు ఏమవుతాయి? మొదటిదానికి మేలైనది రెండవదానికీ మేలే అయి తీరుతుందని వైద్యులు చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకానికి పరీక్ష ఎట్లా ఎదురయినదో చెప్పాలంటే కొంత వెనుకకు వెళ్లాలి.

1898లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలోని కరొలిన్‌స్కా విద్యాసంస్థలో రాబర్ట్ టీగర్‌స్టెడ్ అనే ఫిన్లండ్ దేశీయుడు ఆచార్యుడుగా ఉండేవాడు. ఆయనా, ఆయన శిష్యుడు పేర్ బెర్గ్‌మన్ కలిసి కుందేళ్ల మూత్రపిండాలను నూరి, ఆ సారాన్ని ఇతర కుందేళ్ల రక్తంలోకి ఎక్కించి చూశారు. వాటి రక్తపుపోటు పెరిగింది. అందులోని పదార్థానికి, లాటిను భాషలో మూత్రపిండానికి ఉన్న పేరునుబట్టి రెనిన్ అని నామకరణం చేశారు. కాని లోకం దానిని పెద్దగా పట్టించుకోలేదు. మూడు దశాబ్దాలు దాటిన పిమ్మట, 1934లో, అమెరికాలోని క్లీవ్‌లండ్ నగరంలో హారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల మూత్రపిండ ధమనికి వెండి బిగింపు ఒకటి అమర్చి, రక్తం వెళ్లే దారిని ఇరుకు చేశాడు. ఆ కుక్కలకు రక్తపుపోటు పెరిగి నిలిచిపోయింది. తనకు రక్తం చాలడం లేదని మూత్రపిండం తలచినప్పుడు, దేహమంతటా ఒత్తిడిని పెంచే ఏర్పాటు ఏదో చేస్తున్నదని అప్పుడు తేటపడింది.

రెనిన్ తానుగా రక్తనాళాలను బిగించదు. కాలేయంలో తయారై రక్తంలో తిరిగే ఒక మాంసకృత్తునుండి అది చిన్న తునకను కత్తిరిస్తుంది. ఆ తునకను మరొక ఎంజైము ఇంకొంచెం కురచ చేస్తుంది. అప్పుడు ఏర్పడేది నాళాలను గట్టిగా బిగించే పదార్థం. దీనిని బ్యూనస్ ఎయిరీస్‌లో బ్రౌన్ మెనెండెజ్ బృందమూ, అమెరికాలో ఇర్విన్ పేజ్ బృందమూ ఇంచుమించు ఒకే సమయంలో కనుగొని, వీరొక పేరు, వారొక పేరు పెట్టారు. పేరుకోసం ఇరువది ఏళ్లపాటు పట్టుదల సాగి, 1958లో రాజీ కుదిరింది. చెరిసగం పేరు కలిపి ఆంజియోటెన్సిన్ అన్నారు. పండితుల తగవులన్నీ ఇంత మర్యాదగా ముగియవు.

ఈ ఆంజియోటెన్సిన్ నాళాలను బిగించడమే కాక, అధివృక్క గ్రంథులను ప్రేరేపించి, ఉప్పును దేహంలో నిలిపి, పొటాషియాన్ని బయటకు పంపించే హార్మోనును విడుదల చేయిస్తుంది. దెబ్బ తగిలి రక్తం పోయినప్పుడూ, వాంతులు విరేచనాలతో నీరు పోయినప్పుడూ మనల్ని నిలబెట్టేది ఈ ఏర్పాటే. ప్రాణరక్షణకు ఏర్పడిన ఈ యంత్రం అవసరం లేకున్నా ఆడుతూ ఉంటేనే చిక్కు.

కాలువకు తలవద్ద అడ్డుకట్ట వేస్తే క్రింది పొలాలన్నిటికీ నీరు ఆగినట్లు, రెనిన్‌ను ఆపితే తక్కిన గొలుసంతా ఆగుతుందని 1957లోనే లియొనార్డ్ స్కెగ్స్ బృందం సూచించింది. ఆలోచన సులభమే, ఆచరణ అర్ధశతాబ్దం పట్టింది. ఈలోగా క్రిందిమెట్ల మందులే ముందు వచ్చాయి. బ్రెజిల్ దేశపు పాము విషాన్ని పరిశీలించి నేర్చిన పాఠం నుండి రూపొందిన కాప్టోప్రిల్‌కు 1981లో అమెరికాలో అనుమతి లభించింది; ఇది తునకను కురచ చేసే ఎంజైమును ఆపుతుంది. 1995లో వచ్చిన లోసార్టన్ ఆంజియోటెన్సిన్ తన పని చేసే చోటును మూసివేస్తుంది. రెనిన్‌నే ఆపే తొలి మందులు మాత్రం మాంసకృత్తు తునకల వంటివి. మ్రింగితే జీర్ణకోశంలోనే చాలావరకు నశించేవి. తుదకు 2007లో అలిస్కిరెన్ అనే మాత్రకు అమెరికాలో అనుమతి వచ్చింది. మ్రింగినదానిలో నూటికి రెండు మూడు పాళ్లే రక్తంలోకి చేరినా, అది చాలాసేపు నిలుస్తుంది గనుక రోజుకొక మాత్ర చాలు. రక్తపుపోటును అది తక్కిన మందులతో ఇంచుమించు సమానంగా తగ్గించింది. ఇంతవరకు పేచీ లేదు.

మూత్రపిండం సంగతి ఇంత సూటిగా లేదు. ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు పది లక్షల వడపోత గుచ్ఛాలున్నాయి. ఒక్కొక్కదానిని ఒక వరిమడిగా ఊహించండి. నీరు వచ్చే తూము ఒకటి, పోయే తూము ఒకటి. ఆంజియోటెన్సిన్ రెండింటినీ బిగించినా, పోయే తూమునే ఎక్కువగా బిగిస్తుంది. అందువల్ల మడిలో మట్టం పెరుగుతుంది, అనగా గుచ్ఛంలో ఒత్తిడి హెచ్చుతుంది. మధుమేహం ఉన్నవారిలో ఏళ్లతరబడి ఈ ఒత్తిడి ఉంటే గుచ్ఛాలు చెడి, ఆల్బుమిన్ అనే మాంసకృత్తు మూత్రంలోకి కారుతుంది. మందువల్ల పోయే తూము వదులైతే ఒత్తిడి తగ్గుతుంది, కారడమూ తగ్గుతుంది. దానితోపాటు వడపోత కూడా కాస్త తగ్గి, రక్తంలో క్రియాటినిన్ అంకె కొంచెం పెరుగుతుంది. మందు మొదలుపెట్టిన కొత్తలో ఈ పెరుగుదల నూటికి ముప్పది పాళ్లు మించనంతవరకు వైద్యులు సాధారణంగా మందు మాన్పించరు. అయితే వచ్చే తూమే ఇరుకైనవారికి, అనగా మూత్రపిండ ధమనులు మూసుకుపోతున్నవారికి, పోయే తూమును వదులు చేయడం ప్రమాదం. మడిలో నీరే నిలవదు.

2008లో ప్రకటించిన ఒక పరిశోధనలో, మధుమేహంతో మూత్రపిండాలు చెడుతున్న 599 మందికి లోసార్టన్‌తోపాటు అలిస్కిరెన్ లేక ఉత్తమాత్ర ఇచ్చి ఆరు నెలలు చూశారు. అలిస్కిరెన్ పుచ్చుకున్నవారిలో మూత్రంలోని ఆల్బుమిన్, తక్కినవారితో పోలిస్తే నూటికి 20 పాళ్లు తగ్గింది. ఆశలు మిన్నంటాయి. ఆల్టిట్యూడ్ అనే పేరుతో పెద్ద పరీక్ష కూడా సాగింది. అదివరకే పాత మందులలో ఒకటి వాడుతున్న 8,561 మంది మధుమేహ రోగులలో సగం మందికి అలిస్కిరెన్ చేర్చారు. ఇక్కడ చూడదలచినది ప్రయోగశాల అంకెలను మాత్రమే కాదు. మరణాలు, గుండెపోట్లు, పక్షవాతాలు, మూత్రపిండాలు పూర్తిగా చెడడం.

2011 డిసెంబరులో ఆ పరీక్షను మధ్యలోనే నిలిపివేశారు. మరుసటి ఏడాది ఫలితాలు ప్రకటించారు. రక్తపుపోటు కాస్త తగ్గింది. ఆల్బుమిన్ తగ్గింది. కాని ఆ పెద్ద ఆపదలు అలిస్కిరెన్ చేర్చినవారిలో నూటికి 18.3, చేర్చనివారిలో 17.1. ఈ భేదం కాకతాళీయం కావచ్చునన్నా, మేలు మాత్రం లేదు. పొటాషియం ప్రమాదకరంగా పెరగడం 7.2 నుండి 11.2కు, రక్తపుపోటు మరీ పడిపోవడం 8.3 నుండి 12.1కి హెచ్చాయి. 2012 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ ఔషధశాఖ, మధుమేహ రోగులకు అలిస్కిరెన్‌ను ఆ పాత మందులతో కలిపి ఇవ్వరాదని శాసించింది.

కాగితంమీది అంకె బాగుపడింది, మనిషి బాగుపడలేదు. నా అభిప్రాయంలో ఈ కథలో అన్నిటికన్న ముఖ్యమైన సంగతి ఇది. మందు పనిచేయలేదని అనలేము. రెనిన్‌ను ఆపుతానన్నది, ఆపింది. కాని ఒక మందుతో సగం వదులైన గొలుసును రెండవ మందుతో పూర్తిగా తెంపితే, ఆపత్కాలంలో దేహానికి ఆధారమే లేకుండా పోతుంది. పాత మందులను రెండేసి కలిపి చూసినప్పుడూ ఇదే జరిగింది. 2008లో 25,620 మందిపై జరిగిన ఆన్‌టార్గెట్ పరీక్ష కలయిక నిష్ప్రయోజనమని అప్పటికే హెచ్చరించింది. ఆ హెచ్చరికను అంత తేలికగా తీసుకోకుండా ఉండవలసింది.

ఇదంతా విని, ఇంట్లో ఉన్న మాత్రలు పారవేయాలని ఎవరూ అనుకోవద్దు. ఒక్క మందుగా వాడినప్పుడు ఎంతోమంది మూత్రపిండాలను ఈ పాత మందులు కాపాడాయి. 2001లో లోసార్టన్, ఇర్బెసార్టన్‌లపై వెలువడిన రెండు పరిశోధనలు దీనిని స్థిరపరచాయి. వ్యాధి బాగా ముదిరినవారికి ఈ మందులు మాన్పిస్తే మూత్రపిండాలు తేరుకుంటాయేమోనని బ్రిటన్‌లో 411 మందిని పరిశీలించారు. మాన్పించినందువల్ల లాభమేమీ లేదని 2022లో తేలింది.

అయితే ఇటువంటి మందు వాడేవారు కొన్ని విషయాలు గుర్తుంచుకోవడం మంచిది. వాంతులు, విరేచనాలు పట్టుకున్ననాడు, ఎండదెబ్బకు నీరసించిననాడు మాత్ర వేసుకోవాలో మానాలో వైద్యుని అడగాలి. దేహం తన గొలుసుకై తడుముకొనే రోజు అది. కీళ్లనొప్పులకు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే మాత్రలు ఈ మందులతో కలిస్తే మూత్రపిండాలకు చేటు. గర్భిణులు వీటిని వాడరాదు, శిశువుకు హాని. ఊరగాయలూ అప్పడాలూ తగ్గించమంటే, ఉప్పుకు బదులు మరొక ఉప్పు తెచ్చుకొనేవారున్నారు. అందులో చాలావాటిలో ఉండేది పొటాషియం. మూత్రపిండాలు బలహీనపడినవారికి కొబ్బరినీళ్లలోనూ అదే భయం. మందు మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలలో రక్తపరీక్ష తప్పనిసరి. ఆ కాగితంలో క్రియాటినిన్ ప్రక్కన పొటాషియం అంకె కూడా ఉన్నదో లేదో చూసుకోండి. లేకపోతే అడిగి వ్రాయించుకోండి.