వంటకి పద్దు లేదు

(కాకినాడలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హోప్ ఐలాండ్‌లో మా కాలేజీ అమ్మాయిలు చేసిన తాబేళ్ల పరిశీలన గురించి మాట్లాడమన్నారు. నేను వందన సమర్పణతో మొదలుపెడతాను. సభల్లో అది చివర్న వస్తుంది. అప్పటికి సగంమంది బస్సు వేళయిందని లేచిపోతారు. నేనివాళ చెప్పదలుచుకున్నది మాత్రం అదే.

1988లో నేను ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరంలో జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. మా క్లాసు మగపిల్లల్ని రాత్రికి తీసుకెళ్లారు. ఆడపిల్లల బాధ్యత ఎవరు తీసుకుంటారని మమ్మల్ని ఆపేశారు. మర్నాడు పొద్దున్న తీసుకెళ్లి ఇసకలో తాబేలు ఈడ్చుకుపోయిన జాడ చూపించారు. అప్పటికి అయిదేళ్ల క్రితమే, 1983లో, అదితి పంత్, సుదీప్త సేన్‌గుప్తా అంటార్కిటికా వెళ్లారు. కాకినాడకి ఎదురుగా వున్న దీవి మాకు అంతకన్నా దూరమైంది. పరీక్షలో పుస్తకం చూసి నేర్చుకున్నది రాసి మార్కులు తెచ్చుకున్నాను.

అందుకే ఈ ఫిబ్రవరిలో పద్నాలుగుమంది అమ్మాయిల్ని మూడు రాత్రులకి తీసుకెళ్లాను. సంతకం పెట్టిన తల్లులకి కృతజ్ఞతలు. తండ్రుల్ని ఒప్పించిందీ వాళ్లే. అనుమతిచ్చిన అటవీ శాఖ వారికీ, మాతో తిరిగిన కాపలాదార్లకీ, పడవ నడిపిన సరంగుకీ కృతజ్ఞతలు.

ఇక ఆ దీవి మీది మత్స్యకారుల పల్లెలోని ఇద్దరు ఆడవాళ్ల సంగతి. ఒకామె ఎండుచేపలు అమ్ముతుంది, రెండో ఆమె ఆమె తోటికోడలు. పిల్లలు పడుకోడానికి పాక ఖాళీ చేసి ఇచ్చారు. రెండుపూటలా వండారు. రాత్రి మాతోబాటు ఒడ్డంట నడిచారు. “ఆ లైటార్పండమ్మా, అది బెదిరి ఎనక్కెళ్లిపోద్ది” అని టార్చీలు ఆర్పించారు. ఒడ్డు ఎక్కడ కోసుకుపోయిందో, అందువల్ల తాబేళ్లు ఇప్పుడు ఏ మలుపు దగ్గర ఎక్కుతున్నాయో చూపించారు. మొదటి తాబేలు తెల్లవారుజామున వచ్చింది. వెనక కాళ్లతో గుంట తవ్వి, నూటికి పైగా గుడ్లు పెట్టి, ఇసక కప్పి వెళ్లిపోయింది. పిల్లలెవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఇసక వేడిని బట్టే లోపల పిల్ల ఆడదో మగదో తేలుతుందనీ, వేడి పెరిగితే ఆడవే ఎక్కువ పుడతాయనీ తర్వాత చెప్పాను. “అయితే మా ఊళ్లో అన్నీ ఆడపిల్లలే అన్నమాట!” అని ఆ తోటికోడలు నవ్వింది.

తిరిగొచ్చి ఖర్చులు రాస్తుంటే తెలిసింది. పడవకి పద్దు వుంది, డీజిలుకి వుంది, టార్చి బ్యాటరీలకి వుంది. వంటకి లేదు. దారి చూపినందుకు అసలే లేదు. ఆ పద్దులు వేసినదాన్ని నేనే. ఇరవై ఏళ్లుగా స్త్రీల శ్రమకి విలువ కట్టాలని మీ అందరి ముందు మాట్లాడుతున్న నేను, వాళ్లిద్దరికీ నివేదిక చివర ఒక కృతజ్ఞత రాస్తే చాలనుకున్నాను. కూలి ఇవ్వనిచోట ఇచ్చేది ఈ కృతజ్ఞతే కదా!

ఇది తాబేళ్ల దగ్గర ఆగే సంగతి కాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. భృతికి లెక్క కట్టేది పడవెక్కి వేటకి వెళ్లేవారిని. చేప రాకపోతే గంప ఖాళీ అయ్యే ఆమె ఆ లెక్కలో లేదు. ఈ సంగతి మనం ఎన్నో అర్జీల్లో రాశాం. నా కాగితంలోనూ అదే తప్పు చేశాను.

నివేదిక మార్చాం. వాళ్లిద్దరి పేర్లు సహకరించినవారి కింద తీసేసి పరిశీలకుల్లో వేశాం. మూడు రాత్రుల కూలి బిల్లు పెట్టాం. రసీదు మీద సంతకం లేదు, వేలిముద్ర వుందని ఒకసారి తిప్పి పంపారు. మళ్లీ పంపాం.

ఈ సంగతులు చెబుదామని మొన్న వెళ్లాను. పేరు వేశామంటే ఆమె పెద్దగా పట్టించుకోలేదు. కూలి ఎప్పుడొస్తుందని అడిగింది. మళ్లీ వచ్చేటప్పుడు మంచినీళ్ల డబ్బాలు రెండు ఎక్కువ తెమ్మంది. పోయినసారి మా పిల్లలు వాళ్ల నీళ్లు కూడా తాగేశారట.