అవ్వ బొంతలో ఉన్న లెక్క
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నా తెలుగులో అరవం కలుస్తుంది, మన్నించాల. ఇక్కడున్న చాలామందికి అలాగే కలుస్తుంది కాబట్టి పెద్ద ఇబ్బంది ఉండదనుకుంటాను.

నన్ను బొంతల గురించి మాట్లాడమన్నారు. పొందిక లేనిదాన్ని మనవాళ్లు ‘అతుకుల బొంత’ అంటారు. సినిమా కథ కుదరకపోతే అతుకుల బొంత, ప్రభుత్వం నిలవకపోతే అతుకుల బొంత. ఆ మాట అనేవాళ్లు బొంత కుట్టి ఉండరు. పొందిక లేకుండా కుట్టిన బొంత నాలుగు ఉతుకులు కూడా ఆగదు.

మధురైలో మా అవ్వ ఇంట్లో రెండు మగ్గాలుండేవి. ఆమె బొంతకు అడుగున తాత పాత పంచెలు, నాలుగు వైపులా చీర అంచులు, మధ్యలో సుంగుడి ముక్కలు. సుంగుడి చీర మీకు తెలుసు. సౌరాష్ట్రులు గుడ్డను చుక్కచుక్కగా ముడేసి రంగులో ముంచి తీసే చీర. 2005లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అవ్వ చిన్న చుక్కల ముక్కలను అంచు పక్కన పెట్టేది, పెద్ద చుక్కలను నడుమకు తెచ్చేది. బొంత పరిస్తే నడుమ భాగం పైకి లేచినట్టు కనిపించేది. ఎందుకవ్వా అట్లా అంటే, “కంటికి సరిపోవాల” అనేది, అంతే. చిన్న చుక్క దూరంగా, పెద్ద చుక్క దగ్గరగా కనిపిస్తుందని నాకు అర్థం కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

కొత్త డిజైను ఎక్కడ దొరుకుతుంది అని పిల్లలు అడుగుతారు. ఫోనులో వెతికితే వేలు దొరుకుతాయి, అవన్నీ ఎవరో చేసేసినవే. నేను చెప్పేది ఒక్కటే: ముందు మీ దగ్గరున్న గుడ్డలను నేల మీద పరచండి. రంగు చూడకండి, వెలుగు నీడలు చూడండి. ఫోనులో నలుపు తెలుపు ఫోటో తీస్తే ఏది ముదురో ఏది లేతో తెలిసిపోతుంది. ఎరుపు, పచ్చ మనకు వేరువేరుగా కనిపిస్తాయి గానీ, ఆ ఫోటోలో చాలాసార్లు ఒకటే బూడిద రంగు. అట్లాంటి రెండూ పక్కపక్కన పెడితే నమూనా తేలదు. రెండు రోజులు అట్లాగే వదిలి, వస్తూ పోతూ చూడండి. నచ్చని ముక్క దానంతట అదే కంట్లో గుచ్చుకుంటుంది.

నేతవాళ్ల బిడ్డలకు ఇందులో ఒక లాభముంది. పడుగు ఎటు, పేక ఎటు అని వేలితో లాగి చెప్పగలరు. పడుగును ఇక్కడ పావు అంటామనుకోండి. ముక్కలన్నీ పావు వెంబడి కోస్తే కుట్టు నిలుస్తుంది. ఏటవాలుగా కోసినది సాగి, పక్క ముక్కను కూడా లాగేస్తుంది.

ఇంత తెలిసీ నేను దెబ్బతిన్నాను. మొదట అమ్మిన బొంతలో పాత నూలు చీరతో పాటు కొత్త నూలు గుడ్డ, కొంచెం కోరా కలిపాను. మన కోవై కోరాలో పట్టు, నూలు రెండూ ఉంటాయి కదా, అది ఒక తీరుగా, కొత్త నూలు ఇంకో తీరుగా ముడుచుకుపోయాయి. ఎర్ర ముక్క రంగు దిగి తెల్లదానికి అంటింది. కొన్నావిడ తిరిగి తెచ్చిస్తే డబ్బు వాపసు ఇచ్చాను. అప్పటినుంచి నీళ్లలో నానని ముక్క నా కత్తెర కిందికి రాదు.

కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ ఆడవాళ్లు కవంది అనే బొంత కుడతారు. మనం ముక్కలు అతికాక కుడతాం, వాళ్లు అంచు దగ్గర మొదలుపెట్టి ముక్కలు పేరుస్తూ, కుడుతూ, చుట్టూ తిరిగి నడుమకు చేరతారు. నాలుగు మూలలా మడిచిన చిన్న గుడ్డ పువ్వులు పెట్టందే పని పూర్తయిందనరు. ముందుగా గీసుకునే బొమ్మంటూ లేదు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అని ఒక పల్లె. అక్కడ మిస్సోరి పెట్‌వే అనే ఆమె 1942లో చనిపోయిన భర్త పని బట్టలతో ఒక బొంత కుట్టింది. ఆ పల్లె బొంతలను 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు, 2006లో వాటి మీద తపాలా బిళ్లలు వచ్చాయి. ఆమె బొంత ఫోటో చూసినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. నాన్న పోయాక, ఆయన మగ్గం గుంటలో కూర్చునేటప్పుడు కట్టిన లుంగీలను ఆమె ఎవరికీ ఇవ్వలేదు. చివరికి బొంతే కుట్టింది. మోకాళ్ల దగ్గర అరిగిన చోట్లను నడుమ పెట్టింది. దాచాల్సినవి నడుమన ఎందుకమ్మా అని నేనడగలేదు.

ఇప్పుడు మా గుంపు సంగతి. పోయిన ఏడాది ఒక వ్యాపారి నలభై బొంతలు అడిగాడు. ఫోటో పంపి, నలభై కూడా ఇట్లాగే ఉండాల అన్నాడు. ఒప్పుకున్నాను. మగ్గం ఆగిపోయిన ఇళ్ల నుంచి వచ్చే నలుగురికి కూలి రావాల కదా. పదో బొంతకే ఆ నలుగురూ మాట్లాడుకోవడం మానేశారు, తల వంచి కుట్టడమే. చూడలేక, ఒక మూల మాత్రం మీ ఇష్టం అన్నాను. ఒకామె ఆ మూలలో మగ్గం మీద మిగిలిన నూలు కొసలను పేనివేసి కుట్టింది. వ్యాపారి రెండింటికి డబ్బు కోశాడు. తప్పు నాదే, ముందు చెప్పాల్సింది.

ఈ ఏడాది చిన్న ఆర్డర్లే తీసుకుంటున్నాం. అంచు కొలత, ముదురు రంగులు మూడు, ఇవి మాత్రం నేను చెబుతాను. మిగిలింది కుట్టేవాళ్లది. నెలకు ఒకామె రెండు బొంతలు దాటలేదు. ఆదాయం పోయినేటికంటే తక్కువే, అబద్ధం చెప్పను. ధర పెంచి అమ్మే దారి చూపగలిగినవాళ్లు ఈ సభలో ఉంటే, భోజనాల దగ్గర నాతో మాట్లాడండి.

వచ్చే ఆదివారం పొద్దున ఈ హాల్లోనే నేర్పిస్తాం. ఇంట్లో పాత చీర గానీ లుంగీ గానీ ఒకటి తెచ్చుకోండి. నానబెట్టి, ఆరబెట్టి తీసుకురండి.