విద్యాదానమునకు అనుమతిపత్రము
(వార్షిక మహాసభయందు జేసిన యుపన్యాసము)

  

 విద్వాంసులు పెక్కుమంది యీ వేదికపై నుండగా నేను విద్యావిషయమును బ్రసంగింప సాహసించుటకు గారణ మొక్కటియే. మా యూరి మాస్టరుగారి పుస్తకమొకటి చాలకాలముగా నా మనస్సును బాధించుచున్నది.

అది యఱువది పుటల చిన్న గ్రంథము. పడుగున కెన్ని పోగులు కావలెనో, పన్నె లెక్క యెట్లు కట్టవలెనో, నూలు బరువునుబట్టి రంగు పాళ్లెట్లు కలుపవలెనో, ఇవన్నియు మన పిల్లలకు లెక్కల పాఠములుగా బోధించుటకై వారు దానిని వ్రాసిరి. స్వంత ధనముతో నచ్చువేయించి యడిగినవారికెల్ల నుచితముగా నొసంగిరి. 1978లో వారు కీర్తిశేషులైరి. మూడేండ్ల క్రిందట మా వసతిగృహ బాలురకై యా పుస్తకమును మరల ముద్రింప సంకల్పించితిమి. ధనము దొరకినది గాని యనుమతి దొరకలేదు. వారి సంతతిలో నొక శాఖ షోలాపురమునను, నొక శాఖ భివండీలోను స్థిరపడినవి. ఆ రెండు శాఖలవారును సంతోషముతో నొప్పుకొనిరి. సూరతు వెళ్లిన మూడవ శాఖవారి జాడ తెలియదాయెను. అందఱి సమ్మతియు లేనిదే ముద్రింపరాదని న్యాయవాదిగారు చెప్పిరి. నా యొద్దనున్న ప్రతిలో 11 పుటలు చినిగిపోయినవి. ఉచితముగా పంచబడిన పుస్తకమే నేడు పంచుటకు వీలులేని పుస్తకమైనది!

ఇందెవ్వరి దురుద్దేశమును లేదు, చట్టము తీరట్టిది. 1957 సంవత్సరపు గ్రంథస్వామ్య చట్టమునుబట్టి, రచన చేసినంతనే దానిపై హక్కు రచయితకు సంక్రమించును. దరఖాస్తు పెట్టనక్కరలేదు, హక్కులు మావియని పుస్తకముపై నచ్చువేయనక్కరలేదు. ఆ హక్కు రచయిత జీవితకాలమంతయు నుండి, మరణించిన మఱుసటి సంవత్సరము మొదలు 60 ఏండ్లు నిలుచును. తొలుత 50 ఏండ్లుగా నున్న యీ గడువును 1992లో 60 కి బెంచిరి. కావున మాస్టరుగారి పుస్తకము 2038 సంవత్సరాంతము వఱకు నీ బంధములోనే యుండును. ప్రతిని దానము చేసినంతమాత్రమున ముద్రణహక్కును దానము చేసినట్లు కాదు. ఆ యనుమతి వ్రాతమూలకముగా నుండవలెను. మాస్టరుగారు బ్రతికియుండగా నొక్క వాక్యము వ్రాసియుంచినచో మాకీ చిక్కు లేకపోయెడిది. వారికి మనస్సు లేక కాదు, అట్టి వాక్యమొకటి కావలెనని యెవ్వరును జెప్పక వ్రాయలేదు.

ఆ వాక్యమెట్లుండవలెనో నేడు మనము కొత్తగా కల్పించుకొన నక్కరలేదు. అమెరికాలో 2001లో స్థాపితమైన క్రియేటివ్ కామన్స్ అను సంస్థ 2002 డిసెంబరులో కొన్ని అనుమతిపత్రములను సిద్ధము చేసి లోకమునకిచ్చినది. వీనియందు రచయిత తన హక్కును వదలుకొనడు. హక్కు తనయొద్దనే యుంచుకొని, లోకులందఱకు ముందుగానే యనుమతి నిచ్చును. షరతులు నాలుగు. రచయిత పేరు చెప్పవలెననునది మొదటిది. లాభార్థము వాడరాదనునది రెండవది. మార్పులు చేసి ప్రకటింపరాదనునది మూడవది. మార్చి ప్రకటించువాడు తన ప్రతిని గూడ నిట్లే యందఱకు విడువవలెననునది నాలుగవది. మొదటిది యన్నిటను నుండును. తక్కిన వానిని రచయిత తన యిష్టానుసారము చేర్చుకొనవచ్చును. ఇట్లాఱు విధముల పత్రము లేర్పడినవి.

ఇవి కాగితముమీది కోరికలు మాత్రము కావు. 2003లో నారంభమైన తెలుగు వికీపీడియా యిట్టి యనుమతిపైననే నడచుచున్నది. 2013లో భారత ప్రభుత్వము నెలకొల్పిన జాతీయ ముక్త విద్యావనరుల భాండారము నీ పద్ధతినే యవలంబించినది. ముక్త విద్యావనరులను మాట యునెస్కో సభలో 2002లో పుట్టినది. 2019లో నా సంస్థ సభ్యదేశములకు దీనిని గూర్చి సిఫారసు గావించినది. మన దేశమున నీ భావము క్రొత్తది కాదు. 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి యాశయమును తెలుగువారి కందఱకు తెలుగున విద్య నందించుటయే గదా! వారు 1923లో దివంగతులైరి. వారి రచనల గడువెన్నడో తీరినది గనుక నేడెవ్వరైనను వానిని ముద్రింపవచ్చును. వారి తరువాతి తరములవారి గ్రంథములకే యీ చిక్కు.

దాచుటచే నేమగునో తిరుమల మనకు జెప్పుచున్నది. తాళ్లపాకవారి సంకీర్తనలు రాగిరేకుల కెక్కినవి. రాగి చెడలేదు. కాని యనేక కీర్తనలు శతాబ్దములపాటు భాండారములోనే యుండి, 20వ శతాబ్దమున పండితుల చేతికి వచ్చి యచ్చైన పిమ్మటగదా మరల జనుల నోట నాడినవి! భద్రముగా నుండుట వేఱు, బ్రతికియుండుట వేఱు.

ఇక నొక యాక్షేపణ. "అయ్యా, మన విద్యను వెల్లడించినచో మరమగ్గములవారు దానిని దోచుకొనరా?" యని మన నేతసోదరులు తప్పక యడుగుదురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. కూలి గిట్టక మగ్గము దిగినవారి కడుపుమంట యది. పోచంపల్లి, గద్వాల, వెంకటగిరి, మంగళగిరి, ఉప్పాడ బట్టల పేళ్లకు భౌగోళిక సూచికల చట్టము రక్షణ యిచ్చుచున్నది. చేనేతకే ప్రత్యేకింపబడిన బట్టలను గూర్చి 1985 సంవత్సరపు చట్టమున్నది. ఈ చట్టముల నమలు పఱపించుటకు మనము పోరాడవలసినదే. పాఠ్యపుస్తకమున కనుమతి నిచ్చుటచే నవి సడలవు. ఒక యింటివారు తమ క్రొత్త చిటికి నమూనాను దాచుకొనదలచిన దాచుకొనవచ్చును. అది వారి బ్రతుకుదెరువు. పన్నె లెక్క మాత్ర మే యొక్కనిదియు గాదు. దానిని దాచినచో మరమగ్గమువానికి నష్టములేదు. మన పిల్లవానికే నష్టము.

ఏ షరతు కోరవలెనను విచారమును గలదు. మార్పు కూడదన్నచో భాషాంతరీకరణమును గూడదు. షోలాపురమున మరాఠీలో చదువుకొను మన బాలున కప్పుడు తెలుగు పుస్తకమే గతి. లాభము కూడదన్నచో, నాలుగణాలు మిగుల్చుకొని పల్లెలకు పుస్తకములు చేర్చు చిన్న వర్తకుడు గూడ వెనుదీయును. కావున పాఠ్యగ్రంథములకు రచయిత పేరు చెప్పుట, మార్చినదానిని నట్లే పంచుట యను రెండు షరతులు చాలునని నా యభిప్రాయము. ఒకమారిచ్చిన యీ యనుమతిని మరల గైకొన వీలులేదు గనుక రచయితలు చక్కగా నాలోచించియే సంతకము చేయవలెను.

సోదరులారా! నేను సభవారిని గోరునవి మూడు. ఈ సంచికతో నారంభించి, వ్యాసకర్తల యొక్కయు ఛాయాచిత్రకారుల యొక్కయు వ్రాతపూర్వక సమ్మతితో, ప్రతి సంచిక మొదటి పుటయందు నీ యనుమతివాక్యమును ముద్రింపుడు. సంఘధనముతో వ్రాయించు పాఠ్యపుస్తకముల కీ నియమము నేర్పఱుపుడు. మూడవది మిక్కిలి తొందరపనియైనది: మనలో గ్రంథములు వ్రాసిన వృద్ధులు, పాటలు గట్టిన తల్లులు జీవించియుండగనే వారి యింటికి బోయి, కాలికి మ్రొక్కి, విషయము విశదీకరించి, యిష్టమున్నచో నొక కాగితము వ్రాయించుకొని రండు. పదిమంది మనుమల జాడ వెదకుటకంటె నొక తాతగారి సంతకము సులభము.

మన మూలపురుషుడైన భావనాఋషి తామరతూటి నారతో వస్త్రము నేసి దేవతల కందఱకు నిచ్చెనని మన పెద్దలు చెప్పుదురు. నేసి పెట్టెలో దాచెనని చెప్పలేదు. 2039 వచ్చునాటికి మాస్టరుగారి పుస్తకము నచ్చువేయ నెవ్వరి యనుమతియు నక్కరలేదు. కాని నాటికి నా ప్రతిలో నెన్ని పుటలు మిగులునో! అట్టి దుఃఖము మఱియొక యూరివారికి రాకుండుగాక యని ప్రార్థించుచున్నాను.