ఉద్యోగ విరమణ తర్వాత విద్యార్జన

సమస్త స్తోత్రాలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి, శుభాలు వర్షించుగాక!



జీవితమంతా కష్టించి, ఇప్పుడు విశ్రాంతి పొందుతున్న పెద్దలు మన కడియంలో ఎందరో ఉన్నారు. వారిలో చాలామంది ఒకే పని చేసినవారు కారు. చిన్నతనంలో నర్సరీలో సంచులకు మట్టి నింపి, యౌవనంలో లారీ నడిపి, గల్ఫ్ దేశాలకు వెళ్ళి వచ్చి, చివరకు ఏదో ఒక కొలువులో విరమణ పొందినవారున్నారు. అటువంటి పెద్దల నోట తరచుగా వినవచ్చే మాట: "ఇక మా పని అయిపోయింది, మౌలానా!" ఈ మాట ఎంతవరకు సబబు? ఇదే నేటి మన అంశం.

ముందుగా దైవప్రవక్త (స) జీవితాన్ని చూడండి. వారు కొద్దిపాటి వేతనానికి మక్కావాసుల మేకలు కాశారు. ఆ తర్వాత హజ్రత్ ఖదీజా (ర) సరుకుతో వర్తకానికి వెళ్ళారు. ఇన్ని పనులు చేసిన ఆ మహనీయునికి నలభై ఏళ్ళ వయసులో, హిరా గుహలో అందిన తొలి ఆదేశం 'చదువు' అన్నదే. వారి సహచరులు పెద్ద వయసులో సైతం విద్య నేర్చుకున్నారని ఇమామ్ బుఖారీ తమ గ్రంథంలోని విద్యాధ్యాయంలో ప్రత్యేకంగా పేర్కొన్నారు.

మన ప్రాంతపు చరిత్రలోనూ ఇందుకొక దృష్టాంతం ఉంది. ధవళేశ్వరం వద్ద 1847–1852 మధ్య గోదావరిపై ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ పేరు ఎరుగనివారు ఈ డెల్టాలో అరుదు. ఆయన మన ధర్మానికి చెందినవారు కారు. పరాయి పాలకుల సైన్యంలో ఇంజనీరు. అయినా మేలైన గుణం ఎక్కడ కనబడినా గ్రహించడం విశ్వాసికి తగిన పని.

1803లో జన్మించిన కాటన్ 1821లో మద్రాసు చేరారు. బర్మా యుద్ధంలో పాల్గొన్నారు. కావేరి పాయలపై ఆనకట్టలు కట్టారు. పిదప గోదావరికి వచ్చారు. లోతు తెలియని ఇసుకలో పునాది నిలిపే నేర్పును, కావేరిపై ప్రాచీన చోళుల కాలంలో కట్టిన కల్లణై ఆనకట్టను చూసి గ్రహించామని ఆయనే అంగీకరించారు. పాలకుల పక్షాన వచ్చిన వ్యక్తి, పాలితుల పూర్వికులకు శిష్యుడయ్యారన్నమాట.

1860లో ఆయన ఇక్కడి కొలువు విడిచి ఇంగ్లండుకు మరలారు, 1899లో మరణించారు. అంటే ఈ దేశపు కొలువులో గడిచినవి దాదాపు 39 ఏళ్ళు. ఆ తర్వాత జీవించినవీ 39 ఏళ్ళే! ఆ రెండవ సగాన్ని ఆయన వృథా చేయలేదు. నీటిపారుదల ఆవశ్యకతను గురించి వ్రాస్తూ, వాదిస్తూ వచ్చారు. వృద్ధాప్యంలో నేలను లోతుగా తవ్వి గోధుమ పండించే ప్రయోగాలు చేశారు. డెబ్బై ఏళ్ళు దాటాక, అరబీ నేర్చుకునేవారి కోసం 180 చిన్న వాక్యాలతో ఒక వాచకాన్ని సైతం ప్రచురించారు.

సోదరులారా! ఒక్కసారి ఆలోచించండి. అరబీ తన ధర్మభాష కాని వృద్ధుడు ఆ భాష కోసం అంత శ్రమించారు. మరి మనమో? బ్రతుకు బాధ్యతల నడుమ ఖుర్ఆన్ పఠనం నేర్చుకోలేకపోయిన పెద్దలు మనలో ఉన్నారు. మనవల వయసు పిల్లల సరసన కూర్చుని 'అలిఫ్, బా' చదవడానికి సిగ్గుపడి, ఆ కొరతను ఎవరికీ చెప్పుకోలేక, ఖుర్ఆన్‌ను గుడ్డలో చుట్టి అలమారలోనే భద్రపరుస్తున్నారు. తడబడుతూ, కష్టపడుతూ ఖుర్ఆన్ పఠించేవానికి రెండింతల పుణ్యం లభిస్తుందని దైవప్రవక్త (స) శుభవార్త వినిపించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. అల్లాహ్ వద్ద ఇంత విలువ పొందిన తడబాటుకు మనుషుల ముందు సిగ్గెందుకు?

నేర్చుకోవడం ఎంత అవసరమో నేర్పడమూ అంతే అవసరం. అంటు కట్టడానికి ఏ కొమ్మను ఎంచాలో, ఏ అదనున కట్టాలో మన పెద్దల చేతులకు తెలుసు. ఇంజను శబ్దాన్నిబట్టి లోపం చెప్పగలవారున్నారు. మనిషి మరణానంతరం కూడా పుణ్యం అందించే మూడింటిలో ప్రయోజనకరమైన విద్య ఒకటని సహీహ్ ముస్లిం హదీసు తెలుపుతోంది. ఆ నేర్పును ఒక మనవనికో, పొరుగు బిడ్డకో అప్పగించకపోతే అది మనతోపాటే మట్టిలో కలిసిపోతుంది.

కనుక పెద్దలారా! మగ్రిబ్, ఇషా నమాజుల నడుమ ఒక్క పావుగంట కేటాయించండి. రోజుకొక అక్షరమైనా చాలు. యువకులారా! పెద్దలు తడబడితే నవ్వకండి. ప్రక్కన కూర్చుని వారికి అక్షరం చెప్పండి. వారి దగ్గర పని నేర్చుకోండి. కొలువు నుండి విరమణ ఉంది గాని, నేర్చుకోవడం నుండి, ఆరాధన నుండి తుదిశ్వాస వరకు విరమణ లేదు.

అల్లాహ్ మనకు ప్రయోజనకరమైన విద్యను ప్రసాదించుగాక! మన పెద్దల శేషజీవితాన్ని శుభప్రదం చేయుగాక! ఆమీన్.