సుఖం మనల్ని మెత్తబరిచిందా, రాయి చేసిందా?

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా బనగానపల్లెలో యువత సమావేశంలో మాట్లాడిన మాటలు. అక్కడికి రాలేకపోయిన మీ కోసం రాసి పెడుతున్నా.)



మన పెద్దోళ్లు ఒక మాట అంటుంటారు. "మీ కాలపోళ్లకు అన్నీ కాళ్ల కాడికే వస్తాండాయి. అందుకే మీకు ఓర్పు లేదు, జాలి లేదు" అని. బోరు నీళ్లు, గ్యాసు పొయ్యి, మిక్సీ, బండి, ఫోను వచ్చినాక మనిషికి పక్కోడి కష్టం పట్టకుండా పోయిందని వాళ్ల బాధ. మీరూ వినే ఉంటారు. నాకైతే విన్నప్పుడల్లా కోపం వచ్చేది. కానీ 2020లో మా తండాలో జరిగిన ఒక సంగతి తర్వాత ఆ మాటను తేలిగ్గా కొట్టెయ్యలేకపోతున్నా. ముందు ఆ సంగతి చెప్తా. అందులో తప్పు నాది కూడా.

2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించినారు. నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నా. కాలేజీ మూసేస్తే తండాకు వచ్చేసినా. మన తండాల నుంచి మిరపకాయల కోతకు గుంటూరు వైపు పోయేది మీకు కొత్త కాదు. సంక్రాంతి దాటితే సగం ఇండ్లకు తాళాలే. ఆ ఏడాది పనులు ఆగిపోయినాయి, బస్సులు లేవు. కొందరు నడుచుకుంటా, కొందరు లారీలు పట్టుకొని బయల్దేరినారు. వాళ్లు వస్తున్నారని వాట్సాప్‌లో మాకు ముందే తెలిసింది. మేం ఆరేడు మంది పిల్లోళ్లం కొడవళ్లు తీసుకొని తుమ్మకంప కొట్టినాం, తండా దారికి అడ్డంగా వేసినాం. ఫొటో తీసి స్టేటస్ పెట్టినాం. అప్పుడు అది గొప్ప పని అనుకున్నాం.

సాయంత్రం వచ్చినోళ్లు తొమ్మిది మంది. పరాయివాళ్లు ఎవరూ కాదు. మా పెదనాయన కొడుకు, మా వదిన, వాళ్ల మూడేండ్ల పాప కూడా అందులో ఉన్నారు. కంపకు అవతల వాళ్లు, ఇవతల మేం. పాప నీళ్లు అడిగింది. మాలో ఒక్కరు కూడా కదల్లేదు.

అప్పుడు మా తండా అవ్వ ఒకామె వచ్చింది. డెబ్బై దాటింటాయి. ఒక చేత్తో అంబలి తపేలా, ఇంకో చేత్తో నీళ్ల బిందె. కంప సందులో నుంచి కట్టెతో అవతలికి తోసింది. మూతికి గుడ్డ కట్టుకోండని వాళ్లకు చెప్పింది. తర్వాత మా వైపు తిరిగి, "కంప అడ్డం పెట్టినారు, సరే. అంబలి ఎవురు పెట్టాల?" అనింది. అంతే. తిట్టలేదు. ఆ రాత్రి బడి తాళం తీయించి వాళ్లను అందులో ఉంచినాం. పద్నాలుగు దినాలు ఇంటికొక పూట వంతు వేసుకొని అన్నం పంపించినాం.

జబ్బుకు భయపడడం తప్పు కాదు. దూరం పెట్టడం కూడా ఆ రోజు అవసరమే. మేం చేసిన తప్పు ఏందంటే, దూరం పెట్టినోళ్ల కడుపు సంగతి మాకు గుర్తుకే రాలేదు. అవ్వకు మాత్రం మొదటగా గుర్తుకొచ్చింది అదే.

అప్పుడు నేను అనుకున్నా: పెద్దోళ్లు చెప్పిందే నిజం, కష్టం చూసిన అవ్వకు జాలి ఉంది, సుఖం మరిగిన మాకు లేదు అని. కానీ ఆలోచిస్తే లెక్క కుదరలేదు. కంప వెయ్యండని మమ్మల్ని తరిమినోళ్లలో అవ్వ వయసువాళ్లు కూడా ఉన్నారు. వాళ్లూ అదే కష్టం పడినోళ్లు, అదే గంజి తాగినోళ్లు. కష్టం ఒక్కటే జాలి నేర్పించేది అయితే వాళ్లకు ఎందుకు నేర్పలేదు?

ఈ ప్రశ్నకు జవాబు మన సీమ చరిత్రలోనే వెతికినా. కోయిలకుంట్ల దాటితే ఉయ్యాలవాడ. నరసింహారెడ్డి ఊరుగా అందరికీ తెలుసు. ఆ ఊరిలోనే బుడ్డా వెంగళరెడ్డి ఉండేవాడు. 1866 కరువులో ఆకలితో వచ్చినోళ్లకు తన గాదెలు తెరిచి వండి పెట్టించినాడు. అది విని విక్టోరియా రాణి బంగారు పతకం పంపించింది. ఆయన మీద పాటలు కట్టుకొని జనం పాడుకున్నారు. గమనించండి, ఆయన పేదవాడు కాదు. గాదెల నిండా గింజలు ఉన్న ఆసామి. సుఖంలో ఉన్నవాడే. ఆ సుఖం ఉండబట్టే పెట్టగలిగినాడు.

అది జరిగిన పదేండ్లకు ఇంకా పెద్ద కరువు వచ్చింది. 1876 నుంచి 78 దాకా. ధాత కరువు అని మన ముసలోళ్లు చెప్పుకునేది దాన్నే. 1871 లెక్కల్లో కర్నూలు జిల్లాలో 9 లక్షలకు పైగా జనం ఉన్నారు. 1881 లెక్కలకు 7 లక్షలు కూడా లేరు. మనుషులు అలా పోతున్న కాలంలోనే, 1877 జనవరి 1న, వైస్రాయ్ లిట్టన్ ఢిల్లీలో పెద్ద దర్బారు పెట్టి అదే విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించినాడు. ఆయన పంపిన రిచర్డ్ టెంపుల్ అనే అధికారి మద్రాసు రాజధానికి వచ్చి, కరువు పనుల్లో రాళ్లు కొట్టే మగమనిషికి రోజు కూలీ ఒక పౌను గింజలు, పైన అర్ధణా చాలన్నాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. అది తిని ఎవరూ పని చెయ్యలేరని మద్రాసు ఆరోగ్య శాఖ పెద్ద, డాక్టర్ కార్నిష్, గట్టిగా ఎదురు చెప్పినాడు.

లిట్టన్, టెంపుల్, కార్నిష్, వెంగళరెడ్డి. నలుగురూ కడుపు నిండినోళ్లే. ఇద్దరికి ఆకలి కనిపించింది, ఇద్దరికి ఖర్చు కనిపించింది. సుఖం వల్లనే గుండె రాయి అవుతుందని చెప్పడానికి కుదరదు. సుఖం మనిషికీ మనిషికీ మధ్య గోడ కట్టిందా, లేదా? అసలు అడగాల్సింది ఇదని నాకు అనిపించింది.

మా అవ్వోళ్ల కాలంలో పొయ్యి ఆరిపోతే నిప్పు కోసం పక్కింటికి పోయేవాళ్లు. పిడకల మీద నిప్పు పెట్టుకొని వచ్చేవాళ్లు. ఆ పోయినప్పుడే తెలిసేది, ఆ ఇంట్లో ఈ పూట పొయ్యి వెలిగిందా లేదా, ఎవరికి జ్వరం, ఎవరు అలిగి పండుకున్నారు అనేది. ఇప్పుడు లైటర్ ఉంది. లైటర్ చెడ్డది కాదు. కానీ పక్కింటికి పోయే పని తప్పిపోయింది. జాలి ఎక్కడికీ పోలేదు. అది నడిచే దారిలో గడ్డి మొలిచింది. ఆ దారిని మళ్లీ మనమే తొక్కి చెయ్యాల.

ఇంకో వైపు కూడా చెప్పాల. కష్టాన్ని పొగడకండి. కష్టాన్ని పొగిడేవాళ్లు ఎక్కువగా దాన్ని పడనివాళ్లే. "ఆదివాసీలు గట్టివాళ్లు, ఎంతైనా ఓర్చుకుంటారు" అని మెచ్చుకుంటారు. మెచ్చుకొని రోడ్డు వెయ్యరు, ఆస్పత్రి కట్టరు. అల్లూరి జిల్లా కొండల్లో నిండు గర్భిణిని డోలీలో మోసుకొని దిగే ఫొటోలు మీరు చూస్తూనే ఉన్నారు. అది ఓర్పు కాదు, అన్యాయం. బిందె నెత్తిన పెట్టుకొని మైళ్లు నడిచిన మా అమ్మకు ఇంటి ముందు కుళాయి వస్తే ఆమె కరుణ తగ్గలేదు, నడుము నొప్పి తగ్గింది.

పైగా కొందరి సుఖం కింద మన కష్టమే ఉంది. మన బనగానపల్లె, కొలిమిగుండ్ల, బేతంచెర్ల గనుల నాపరాయి ఎన్ని ఇండ్లలో నేలగా పరిచి ఉందో చూడండి. ఎండాకాలం దాని మీద పండుకుంటే చల్లగా ఉంటుంది. ఆ బండ తీసినోడు ఇదే సీమ ఎండలో, దుమ్ములో తీసినాడు. శ్రీశైలం ప్రాజెక్టు కరెంటుతో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఆ నీళ్ల కింద వందకు పైగా ఊళ్లు మునిగినాయి. ఫ్యాను ఆపెయ్యమని నేను అనడం లేదు. ఆ గాలి ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోమంటున్నా. తెలుసుకోకుండా అనుభవించే సుఖమే మనిషిని రాయి చేసేది.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగింది. మేడలున్నోళ్లు, లేనోళ్లు అందరూ ఒకే రాత్రి మిద్దెల మీదికి ఎక్కినారు. కరెంటు లేదు, తాగే నీళ్లు లేవు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి అన్నం పొట్లాలు పోయినాయి. అదే ఏడాది రెబెక్కా సోల్నిట్ అనే అమెరికా రచయిత్రి ఒక పుస్తకం తెచ్చింది. 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం మొదలుకొని ఎన్నో విపత్తులు పరిశీలించి, ఆపద వస్తే మామూలు జనం ఒకరినొకరు పీక్కు తినరు, ఎక్కువగా ఆదుకుంటారు అని రాసింది. మరి మేం కంప ఎందుకు వేసినాం? వరద కంటికి కనిపిస్తుంది. 2020లో మాకు కనిపించింది ఫోను మాత్రమే. పొద్దు నుంచి రాత్రి దాకా భయం వీడియోలు చూసి చూసి, ఎదురుగా నిలబడిన పాప కూడా మాకు జబ్బుగానే కనిపించింది.

ఇక ఏం చెయ్యాల? నాకు తోచినవి మూడు.

ఒకటి. ప్రతి తండా, ప్రతి గూడెం యువత ఒక నోటుపుస్తకం పెట్టుకోవాల. ఒంటరిగా ఉన్న ముసలోళ్లు ఎవరు, గర్భిణులు ఎవరు, ఎవరు ఏ ఊరికి వలస పోయినారు, వాళ్ల ఫోను నంబరు ఏంది అని రాసుకోవాల. ఎండలు ముదిరినప్పుడు, వాన పట్టినప్పుడు ఎవరు ఎవరింటికి పోయి చూడాలో ముందే పంచుకోవాల.

రెండు. కోతలప్పుడు ఇంటికి రెండు శేర్లు జొన్నలో, కొర్రలో తీసి ఉమ్మడిగా దాచుదాం. నల్లమలలో చెంచులు గడ్డ తవ్వితే, మళ్లీ మొలవడానికి తల భాగం భూమిలోనే వదిలేస్తారు. రేపటికి కొంచెం వదలడం మనవాళ్లకు తెలిసిన విద్యే.

మూడు. జాలితో ఆగిపోకూడదు. వెంగళరెడ్డి లాంటివాడు అన్ని ఊళ్లలో పుట్టడు. అందుకే హక్కు కావాల. కరువు నేలలో పని అడిగితే పని ఇవ్వాలనే ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఎక్కడో కాదు, మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. టెంపుల్ కూలీకి, దానికి మధ్య 129 ఏండ్లు పట్టింది. కరుణ చట్టం కావడానికి అంత కాలం పట్టింది. అట్లా వచ్చిన దాన్ని కాపాడుకోవడం, రానిదాన్ని అడగడం మన పని.

ఆ అవ్వ రెండేండ్ల కింద పోయింది. అప్పుడు కంప అవతల నీళ్లడిగిన పాప ఇప్పుడు బడికి పోతాంది. నన్ను చిన్నాయనా అని పిలుస్తాది. ఆ రోజు సంగతి దానికి గుర్తు లేదు. నాకు ఉంది. మీకు చెప్పింది కూడా అందుకే. రేపు ఇంకో ఆపద వస్తాది, ఏ రూపంలో వస్తాదో తెలీదు. అప్పుడు కంప కొట్టాల్సి వచ్చినా రావచ్చు. కొడవలి పట్టుకునే ముందు మాత్రం అంబలి ఎవరు పెట్టాలో మాట్లాడుకోండి.

జై భీమ్. జై ఆదివాసీ.