చమురును విడగొట్టు సముద్రజీవులు

భోగినాడు తలకు నువ్వులనూనె అంటుకొని కుంకుడురసముతో రుద్దుకొనుట మన గోదావరి మండలములలో తరతరముల ఆచారము. వట్టి నీటికి వదలని జిడ్డు కుంకుడు నురుగుకు వదలుటకు కారణమేమి? అందలి సపోనిన్ అను పదార్థపు అణువులకు ఒక కొన నీటిని, రెండవ కొన నూనెను ఆశ్రయించు గుణము కలదు. అవి రెంటి నడుమ నిలిచి, జిడ్డును సన్నని బిందువులుగా విడగొట్టును.

ఇట్టి గుణముగల పదార్థములనే సముద్రమందలి కొన్ని బాక్టీరియాలు స్వయముగా తయారుచేసికొనుచున్నవి. వానిలో ప్రసిద్ధమైనది ఆల్కనివోరాక్స్ బోర్కుమెన్సిస్. ఉత్తర సముద్రమందలి బోర్కుమ్ ద్వీపము పేర 1998లో దానికి నామకరణము జరిగినది. చమురులోని హైడ్రోకార్బనులే దాని ముఖ్యాహారము. గ్లూకోజుతో కొవ్వు ఆమ్లములను కూర్చి అది తన "కుంకుడురసమును" సిద్ధపరచుకొనును. మిల్లీమీటరు వ్యాసముగల చమురు బొట్టు సమానమైన వేయి బొట్లుగా విడిపోయినచో, మొత్తము ఉపరితలము పది రెట్లగును. తినువానికి అంత విశాలమైన విస్తరి లభించునన్నమాట.

ఈ విషయముతో మనకు పని కలదు. అమలాపురము తీరమునకు ఎదుట సముద్రగర్భమున రవ్వ చమురుక్షేత్రము 1987లో కనుగొనబడినది. అచ్చటి చమురు గొట్టముల ద్వారా ఎస్. యానాం ఒడ్డుకు చేరుచున్నది. ఉత్తరముగా, 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడిన కోరింగ మడ అడవులు గలవు. రొయ్యపిల్లలకు, పీతలకు అవి పురిటిల్లు. వేలాది మత్స్యకారులకు జీవనాధారము.

ఆ బాక్టీరియాలు ఉండగా మనకు భయమేల యని కొందరడుగవచ్చును. చమురును హరించుటకు వానికి ప్రాణవాయువు, నత్రజని, భాస్వరము కావలెను. 1989లో అలాస్కా తీరమున ఎక్సాన్ వాల్డెజ్ ఓడనుండి చమురు ఒలికినపుడు, ఒడ్డున ఎరువులు చల్లి వాని పనిని త్వరపరచిరి. కాని మడ అడవుల బురదలో పైపొర దాటిన పిమ్మట ప్రాణవాయువు మిక్కిలి తక్కువ. అందు ఇంకిన చమురు ఏండ్ల తరబడి నిలిచిపోవును. చెట్ల ఊపిరివేళ్లకు పట్టిన చమురు బాక్టీరియాల రాకకు ముందే వానిని ఉక్కిరిబిక్కిరి చేయును. అదిగాక, విడిపోయిన చమురు మాయమైన చమురు కాదు. సన్నని బిందువులు చిన్న జలచరముల నోట పడవచ్చును.

కావున ప్రకృతి యొసగిన ఈ సహాయమును మనము శ్రద్ధతో అధ్యయనము చేయవలెను. దానిని అజాగ్రత్తకు పూచీగా మాత్రము ఎంచరాదు. గొట్టము చెదరకుండ కాచుట, ఒలికిన చమురు మడల చెంతకు చేరకమునుపే తెట్టెకట్టి ఎత్తివేయుట మనుష్యుల పని. మిగిలినదే సూక్ష్మజీవుల వంతు.